ఏ భాషలో చదివావు? – టీచరు శిక్షణ ద్వారం దగ్గర ముస్లింలు

బి.ఇడి.లో చేరడానికి కావలసిన అర్హతలు ఒక్క పేజీలో సరిపోతాయి. డిగ్రీ పాసై ఉండాలి. ఇన్ని శాతం మార్కులుండాలి. ఫలానా సబ్జెక్టులు చదివి ఉండాలి. కొన్నిచోట్ల ఫలానా భాషలో చదివి ఉండాలి. రిజర్వేషను ఉంటే సర్టిఫికెట్ జత చెయ్యాలి. చదివితే ఇందులో అన్యాయం ఎక్కడా కనపడదు. అందరికీ ఒకటే నియమం. కానీ ముస్లిం ఇంట్లో కూచుని ఆ పేజీ చదివితే ఒక్కో వాక్యం వెనక ఒక్కో చరిత్ర ఉందని తెలుస్తుంది. ఆ చరిత్రే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఓ పదిహేనేళ్ల కిందటి మాట. మా ఆపా కూతురు బి.ఇడి. ప్రవేశ పరీక్ష దరఖాస్తు నింపడానికి నన్ను తోడు తీసుకుని జిరాక్సు షాపుకి వెళ్లింది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. మా ఊళ్లో ఉర్దూ మీడియం జూనియర్ కాలేజీ లేదు. పట్నం పంపడానికి వాళ్ల అబ్బా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా పంపే స్తోమత లేదు. దాంతో ఇంటర్ నుంచీ తెలుగు మీడియం. బడిలో 'కసాఫత్' అని నేర్చుకున్నది కాలేజీలో 'సాంద్రత' అయింది. 'ఖలియా' కాస్తా 'కణం' అయింది. తెలుగు మాట్లాడటం ఆ పిల్లకి బాగా వచ్చు. బజారులో ఎవరూ కనిపెట్టలేరు. కానీ పరీక్షలో కూచుని తెలుగులో ఆరు పేజీల జవాబు రాయడం వేరే విద్య. డిగ్రీ పాసైంది. వచ్చింది 46 శాతం. కావలసింది 50. బి.సి.లకైతే 40 చాలు. షాపతను "బి.సి.నా అమ్మా?" అని అడిగాడు. మా బావ నడిపేది ఆటో, పేరుకి మాత్రం సయ్యద్. "కాదు" అంది. బయటికొచ్చాక "ఇంకో నాలుగు శాతం వస్తే చాలుండె మామూ" అంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ నాలుగు శాతం ఎక్కడ పోయిందో వెతకడం నాకు పనయింది. వెతుక్కుంటూ పోతే 1837 దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇజాజత్ పోయి సర్టిఫికెట్ వచ్చింది

కంపెనీ దొరలు రాకముందు చదువు చెప్పడానికి అర్హతలు లేవనుకుంటే పొరపాటు. ఉన్నాయి. ఉస్తాద్ దగ్గర ఒక కితాబు మొదట్నుంచీ చివరిదాకా చదివి, మళ్లీ ఆయనకి అప్పజెప్పి, "ఇక నువ్వు దీన్ని ఇతరులకి చెప్పొచ్చు" అని ఆయన చేత ఇజాజత్ తీసుకోవాలి. ఉస్తాద్ పేరే యూనివర్సిటీ. ఆ చదువు అందరికీ అందిందని నేననను. దూదేకే నూర్ బాషా కొడుక్కి, భిక్షమెత్తే ఫకీరు కొడుక్కి ఆ గడప ఎక్కడం అంత సులువేం కాదు. ఫార్సీ నేర్చి కొలువులు చేసినవాళ్లలో అష్రాఫ్ ముస్లింల పక్కన కాయస్థులూ ఉన్నారు, కరణాలూ ఉన్నారు. అది పై మెట్టు మీదివాళ్ల చదువు. ఈ సంగతి మనం దాచిపెట్టకూడదు.

1837లో కంపెనీ ప్రభుత్వం కోర్టుల నుంచీ కచేరీల నుంచీ ఫార్సీని తీసెయ్యడానికి చట్టం చేసింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ సర్కారు ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకే మొదటి చోటు అన్నాడు. తండ్రిని మున్షీని చేసిన చదువు కొడుకుని నిరుద్యోగిని చేసింది. కితాబుల్లో ఒక్క అక్షరం మారలేదు. మారింది అర్హత ఒక్కటే.

1854లో వచ్చిన వుడ్ నివేదిక బడులకి గ్రాంట్లివ్వాలనీ, టీచర్లకి శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు పెట్టారు. తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీగా పేరుపొందింది ఇదే. పందొమ్మిదో శతాబ్దం చివరికి తెలుగువాళ్ల కోసం రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. ఎల్.టి. అనే డిగ్రీ వచ్చింది. బడికిచ్చే గ్రాంటుకీ టీచరు సర్టిఫికెట్టుకీ ముడిపడింది. సర్టిఫికెట్టు కావాలంటే ట్రైనింగు కావాలి. ట్రైనింగు కావాలంటే ముందు ఇంగ్లీషు బడి చదువు కావాలి. మక్తబ్ లో చెప్పే మౌల్వీకి అదేదీ లేదు. కనుక మక్తబ్ బడి కాదు, మౌల్వీ టీచరు కాడు. సర్కారు లెక్కల్లో ఆ ఇల్లంతా చదువు లేని ఇల్లయింది.

ఇలా చేసిన సర్కారుకే తర్వాత అనుమానం వచ్చింది. ముస్లింలు బడికి ఎందుకు రావడం లేదని 1871లో మేయో ప్రభుత్వం ఒక తీర్మానం చేసి రాష్ట్ర ప్రభుత్వాలను అడిగింది. 1882లో వేసిన హంటర్ విద్యా కమిషన్ ముస్లింల చదువు గురించి విడిగా పదిహేడు సిఫారసులు చేసింది. అవసరమైనచోట ముస్లిం టీచర్ల శిక్షణకి ప్రత్యేకంగా నార్మల్ స్కూళ్లు గానీ తరగతులు గానీ పెట్టాలన్నది అందులో ఒకటి. హిందుస్తానీలో చదువు చెప్పే ముస్లిం బడుల్లో వీలైనంతవరకు ముస్లిం టీచర్లే ఉండాలన్నది ఇంకొకటి. అంటే 140 ఏళ్ల కిందటే ఒక మాట కాగితం మీదికెక్కింది: అందరికీ ఒకే తలుపు పెట్టి, "తెరిచే ఉంచాం, మీరే రావడం లేదు" అంటే కుదరదని.

అయితే అదే కమిషన్ ఇంకో ముడి కూడా వేసింది. ముస్లిం పిల్లలకి కింది తరగతుల్లో ముఖ్యంగా హిందుస్తానీలోనే చెప్పాలంది. స్థానిక ముస్లింలు మరో భాష కావాలంటే ఇవ్వొచ్చని మినహాయింపు కూడా పెట్టింది. కానీ ఆ స్థానిక ముస్లింల తరఫున మాట్లాడేదెవరు? నవాబు, జమీందారు, మౌల్వీ, ఇంగ్లీషు చదివిన వకీలు. గుంటూరు జిల్లాలోనో కడప జిల్లాలోనో ఇంటా బయటా తెలుగే మాట్లాడే నూర్ బాషాని పిలిచి "మీ పిల్లలకి ఏ భాషలో చెప్పమంటారు?" అని అడిగేదెవరు? ముస్లిం అంటే ఉర్దూ, ఉర్దూ అంటే ముస్లిం అనే సమీకరణం అక్కడ గట్టిపడింది. ఆ సమీకరణాన్ని మనమూ ఒప్పుకున్నాం, మన శత్రువులూ ఒప్పుకున్నారు. పిఠాపురంలో కూచుని తెలుగులో పద్యాలూ నాటకాలూ రాసిన ఉమర్ అలీషా ఎవరి మనిషి? పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ చెప్పింది ఏ భాషలో?

ఉస్మానియా: మన గర్వం, మన లెక్క

ఇక హైదరాబాదు సంగతి. నిజాం రాజ్యంలో 1884 ప్రాంతంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉర్దూ మాధ్యమంలో ఒక విశ్వవిద్యాలయం పెట్టమని ఫర్మానా ఇచ్చారు. 1919లో తరగతులు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఇండియాలో పై చదువంటే ఇంగ్లీషే. ఇక్కడ మాత్రం లెక్కలూ, సైన్సూ, చరిత్రా, చివరికి వైద్యమూ ఇంజనీరింగూ కూడా ఒక దేశభాషలో చెప్పారు. దానికోసం దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి మొదటి పెద్ద. వందల పుస్తకాలు ఉర్దూలోకొచ్చాయి. వేల పారిభాషిక పదాలు పుట్టాయి. మా ఆపా కూతురు బడిలో నేర్చుకున్న సైన్సు మాటల వెనక ఆ శ్రమంతా ఉంది. ఆ పని గురించి మనం గర్వపడాలి. ముస్లింలే కాదు, మాతృభాషలో చదువు కావాలనే ప్రతి తెలుగువాడూ గర్వపడాలి.

కానీ లెక్క కూడా చెప్పాలి. ఆ రాజ్యంలో సుమారు సగం మంది తెలుగువాళ్లు. నాలుగోవంతు దాకా మరాఠీవాళ్లు. తర్వాత కన్నడిగులు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ. ఉస్మానియా గేటు దగ్గర "ఏ భాషలో చదివావు?" అని అడిగితే "ఉర్దూలో" అని చెప్పగలిగినవాడే లోపలికి పోతాడు. ఆ జవాబు చెప్పడానికి నల్లగొండ జిల్లా కాపుపిల్లాడు మొదట తన భాషని గడప బయట విడిచి రావాలి. మాదిగ పిల్లాడికి అసలు గడపే లేదు. ఆంధ్ర మహాసభ 1930 నుంచీ మాతృభాషలో చదువు కావాలని అడుగుతూ వచ్చిందంటే ఆ అడగడంలో న్యాయం ఉంది. అది ముస్లింల మీద ద్వేషంతో అడిగింది కాదు. మనం ఇవాళ మన భాష కోసం ఏం అడుగుతున్నామో వాళ్లు అప్పుడు అదే అడిగారు.

ఇంకో లెక్క. ఉస్మానియా ఉర్దూ వల్ల రాజ్యంలోని ముస్లింలందరూ బాగుపడ్డారా? పల్లెల్లో జట్కా తోలినవాళ్లు, దూదేకినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, దర్గా దగ్గర నెమలీకల కట్టతో దువా ఇచ్చి పైసలడిగినవాళ్లు ఎంతమంది ఆ కాలేజీ ముఖం చూశారు? వాళ్ల పిల్లలు కూడా కాపుపిల్లాడి పక్కనే గేటు బయట ఉన్నారు. తేడా ఒక్కటే. 1948లో రాజ్యం కూలినప్పుడు దెబ్బ మాత్రం వాళ్లూ తిన్నారు.

1948 తర్వాత

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ నుంచి ఇంగ్లీషుకి మారింది. ఇక్కడ సెక్యులర్ మిత్రుల్ని ఒక్క నిమిషం ఆగమంటాను. ఉర్దూ తీసేస్తే దాని స్థానంలో వచ్చింది తెలుగు కాదు. తెలుగులో కాలేజీ పుస్తకాల కోసం తెలుగు అకాడమి 1968లో గానీ పుట్టలేదు. ఒక దేశభాష ఇరవై తొమ్మిదేళ్లు విశ్వవిద్యాలయం నడిపిన అనుభవం ఉన్న ఊళ్లోనే, రెండో దేశభాష మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఉర్దూ పోతే తెలుగు గెలిచిందనుకోవడం అబద్ధం. గెలిచింది ఇంగ్లీషు.

ఉర్దూ అంటే రజాకార్ల భాష అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. రజాకార్లను ఎదిరించి రాసి 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో చనిపోయిన షోయబుల్లా ఖాన్ 'ఇమ్రోజ్' పత్రికని ఉర్దూలోనే నడిపాడు. కమ్యూనిస్టు మఖ్దూం రాసింది ఉర్దూలోనే. నిజాంకి వ్యతిరేకంగా జైలుకెళ్లిన దాశరథి గాలిబ్ ను తెలుగులోకి తెచ్చింది ఉర్దూ మీద ప్రేమతోనే. భాషకి నేరం అంటగట్టడం మొదలైతే ఏ భాషా మిగలదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడే ముందు కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ పాలనలోనూ కోర్టుల్లోనూ ఉర్దూ స్థానాన్ని అయిదేళ్లు అలాగే ఉంచాలన్నారు. అదే ఏడాది రాజ్యాంగానికి 350-ఎ అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు అందేలా చూడాలని అది చెబుతుంది. 'ప్రాథమిక' అనే మాట దగ్గరే కథంతా ఉంది. ఉర్దూ మీడియం ప్రైమరీ బడి ఉంటుంది. హైస్కూలుకి వచ్చేసరికి తగ్గిపోతుంది. జూనియర్ కాలేజీకి వచ్చేసరికి ఏ పెద్ద ఊళ్లోనో వెతుక్కోవాలి. డిగ్రీకి వచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. బి.ఇడి. దరఖాస్తు మాత్రం డిగ్రీ దగ్గర మొదలవుతుంది. మెట్లు కట్టకుండా మేడ మీద గది కట్టి, రాలేదేమని అడగడం లాంటిదిది.

కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ ఉస్మానియా కాలేజీ పెట్టారంటే ఆ మెట్ల గురించి బెంగపడే పెట్టారు. (దారుల్ తర్జుమా అబ్దుల్ హక్ వేరు, ఈయన వేరు.) 2016లో అదే ఊళ్లో ఆయన పేరుతో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. సీమలో ముస్లింల చదువుకి ఆ కాలేజీ చేసిన మేలు పెద్దది. అలాంటివి జిల్లాకి ఒకటైనా లేకపోవడమే మన కొరత.

అర్హతల పేజీ, ఇవాళ

ఇప్పుడు ఆ పేజీకి మళ్లీ వద్దాం.

డిగ్రీ ఉండాలి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో ఇరవయ్యేళ్లు నిండిన ముస్లింలలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవాళ్లు 4 శాతం కూడా లేరు. దేశ జనాభా మొత్తం మీద వాళ్లు సుమారు 7 శాతం. అంటే మొదటి వాక్యం దగ్గరే మన మనుషులు సగానికి సగం రాలిపోయారు.

50 శాతం మార్కులుండాలి. టీచరు శిక్షణకి నియమాలు చేసే జాతీయ మండలి 1993 చట్టంతో ఏర్పడి 1995లో పని మొదలుపెట్టింది. డిగ్రీలోనో పి.జి.లోనో 50 శాతం అన్న కొలత దానిది. రిజర్వేషను ఉన్నవాళ్లకి రాష్ట్రాలు సడలింపు ఇస్తాయి. మన దగ్గర 40 అయింది. ఆ సడలింపు ఎవరెవరికి వచ్చిందో చూస్తే ముస్లింలంటే ఒకే ముద్ద కాదని తెలుస్తుంది. 1970లో బి.సి. జాబితా తయారైనప్పుడు దూదేకుల 'బి' గ్రూపులో, మెహతర్లు 'ఎ' గ్రూపులో చేరారు. మిగతావాళ్లు 2007 దాకా ఆగాలి. అప్పుడు చేసిన చట్టం షేకులు, ఫకీర్లు, ఖురేషీలు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు వగైరా పద్నాలుగు సమూహాలకి 'ఇ' గ్రూపు కింద 4 శాతం ఇచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది బతికింది. సయ్యద్, పఠాన్, మొగల్ లాంటి వాళ్లని చట్టమే పక్కన పెట్టింది. ఒకప్పుడు పై మెట్టు మీద కూచున్నవాళ్లు గనక పక్కన పెట్టడంలో చారిత్రక న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఆటో నడిపే సయ్యద్ కూతురు విషయంలో ఆ న్యాయం ఏం చెయ్యాలన్నది మిగిలిన ప్రశ్న. కులం వల్ల పడిన వెనకబాటుకి కొలత దొరికింది. భాష మధ్యలో తెగిపోవడం వల్ల పడిన వెనకబాటుకి ఇంకా కొలత దొరకలేదు. ఆమె పోగొట్టుకున్న నాలుగు శాతం అక్కడుంది.

2014 నిబంధనలతో బి.ఇడి. ఏడాది కోర్సు కాస్తా రెండేళ్లయింది. టీచరు మంచిగా తయారవ్వాలంటే ఒక ఏడాది చాలదన్నది నిజమే. కానీ మా ఇళ్లలో ఆడపిల్ల డిగ్రీ అయ్యాక చదువుకి దొరికే ఏడాదే గండం గడిచినట్టు దొరుకుతుంది. బయట ఉద్యోగాలంటే గొణిగే పెద్దవాళ్లు కూడా టీచరు ఉద్యోగానికి సరేనంటారు. మా అమ్మాయిలు సొంత సంపాదన దాకా ఎక్కగలిగిన నిచ్చెన చాలా ఇళ్లలో ఇదొక్కటే. ఆ నిచ్చెనకి ఒక మెట్టు పెంచేటప్పుడు ఫీజు సంగతీ, హాస్టలు సంగతీ ఆలోచించాలి. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి ఇంటర్ తర్వాత నాలుగేళ్ల సమీకృత కోర్సునే టీచరుకి కనీస అర్హత చెయ్యాలంటోంది. అప్పుడు ద్వారం డిగ్రీ దగ్గర నుంచి ఇంటర్ దగ్గరికి జరుగుతుంది. ఇంటర్లో ఉర్దూ మీడియం లేని ఊరి పిల్ల, కొత్త భాషలో తడబడే ఆ రెండేళ్ల మార్కులతోనే తేలిపోతుంది.

ఉర్దూ యూనివర్సిటీ దగ్గర

1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదలైంది. ఉస్మానియా ఉర్దూని వదిలేసిన యాభై ఏళ్లకి మళ్లీ ఆ భాషలో బి.ఇడి. చదవొచ్చు. అక్కడ చేరాలంటే మార్కులతో పాటు పదిలోనో ఇంటర్లోనో డిగ్రీలోనో ఉర్దూని మాధ్యమంగా గానీ ఒక భాషగా గానీ చదివి ఉండాలి. గుర్తింపు ఉన్న మదరసాల సర్టిఫికెట్లనీ ఒప్పుకుంటారు. ఈ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. వుడ్ నివేదిక నాటి నుంచీ లెక్కలోకి రాని మదరసా చదువు మళ్లీ లెక్కలోకి వచ్చింది.

నియమంలో తప్పు లేదు. ఉర్దూలో పాఠం చెప్పాల్సిన టీచరుకి ఉర్దూ రావాలి కదా! కానీ కోస్తాలో ఒక నూర్ బాషా అమ్మాయిని తీసుకోండి. ఆమె నమాజు చదువుతుంది, రోజా ఉంటుంది. ఆమె పేరు వినగానే అద్దె ఇల్లు ఇవ్వనివాళ్లున్నారు. చదివింది తెలుగులో. 'ముస్లింల యూనివర్సిటీ' అని అందరూ చెబితే విని ఆ నియమాలు తెరిచి చూస్తే ఆమెకి చోటు లేదు. నిజానికి అది ముస్లింల విశ్వవిద్యాలయం కాదు, ఒక భాష విశ్వవిద్యాలయం. దాని చట్టం చెప్పేది ఉర్దూ భాష అభివృద్ధి గురించి. ఉర్దూ చదివిన హిందువుకి అక్కడ చోటుంది, ఉర్దూ రాని ముస్లింకి లేదు. భాషకి అది న్యాయమే. ముస్లింల చదువు బాధ్యతంతా ఆ ఒక్క సంస్థ తీర్చేస్తుందనుకోవడమే తప్పు. ఆమెకి మామూలు బి.ఇడి. కాలేజీలున్నాయి, పోతుంది. కానీ "నువ్వు మాలో మనిషివి కావు" అని ఉర్దూ ముస్లిం, "నువ్వు తురకదానివి" అని తెలుగు క్లాసు అంటే ఆమె రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. మొదటి మాట అనేది మనమే గనక దాన్ని మానుకోవడం మన చేతిలో పని.

ఇంకొక ముడి ఉంది. బి.ఇడి. అయ్యాక డి.ఎస్.సి. ఉర్దూ మీడియం పోస్టులకీ మామూలు రోస్టరే. ఎస్.సి., ఎస్.టి.లకి కేటాయించిన ఉర్దూ మీడియం పోస్టుల్లో చాలావాటికి అభ్యర్థులు దొరకరు. ఎందుకంటే ఆ కులాల పిల్లల్లో ఉర్దూ మీడియం చదివినవాళ్లు అరుదు. పోస్టు ఖాళీగా ఉండిపోతుంది. వచ్చే నోటిఫికేషనులో మళ్లీ అదే పోస్టు, మళ్లీ ఖాళీ. క్లాసులో ముస్లిం పిల్లలు టీచరు లేకుండా కూచుంటారు. దీనికి మనవాళ్లు అడిగే పరిష్కారం ఒకటే: రిజర్వేషను ఎత్తేసి ఆ పోస్టులు మాకివ్వండి. అడగడం తేలిక. కానీ దళితుల చేతిలోంచి జారిన పోస్టుని అందుకుని, రేపు మన 4 శాతం కోసం వాళ్లని పక్కన నిలబడమని ఎలా అడుగుతాం? తొంభై ఏళ్ల కిందట ఉస్మానియా గేటు బయట నిలబడిన మాదిగ పిల్లాడి మనవడు కదా ఈ ఖాళీ పోస్టు వారసుడు! అతనికి ఉర్దూ ఎందుకు రాలేదన్న ప్రశ్నకి జవాబు ఆ గేటు దగ్గరే ఉంది.

వేరే దారి ఉంది. ఉర్దూ నేర్చుకుంటానన్న దళిత, గిరిజన పట్టభద్రులకి ఏడాది పాటు స్టైపెండు ఇచ్చి ఉర్దూ నేర్పి, తర్వాత బి.ఇడి.లో చేర్చుకోవచ్చు. అదే తరగతిలో తెలుగు మీడియం చదివిన నూర్ బాషా అమ్మాయీ కూచోవచ్చు. ఉర్దూ మీడియం నుంచి తెలుగుకో ఇంగ్లీషుకో మారే పిల్లలకి ఇంటర్ మొదట్లో ఇలాంటిదే ఇంకో తరగతి కావాలి. ఈలోగా పిల్లలు నష్టపోకుండా ఖాళీ పోస్టుల్లో తాత్కాలికంగా టీచర్లని పెట్టాలి, పోస్టు హక్కు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. వీటికి రాజ్యాంగాన్ని మార్చనక్కర్లేదు. ఒక ఉత్తర్వూ, కాస్త డబ్బూ, మనసూ చాలు. ఇక ఈ లోపల మైనారిటీ బోర్డు తగిలించుకుని సీట్ల బేరం చేసే బి.ఇడి. కాలేజీల సంగతి కూడా మనమే మాట్లాడాలి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు మనలోనూ ఉన్నారు.

ఎవరు పాఠం చెబుతారన్నది ఉద్యోగం ఒక్కదాని గురించిన ప్రశ్న కాదు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ముస్లిం అనేవాడు గుర్రమెక్కి కత్తి పట్టుకుని వస్తాడు. క్లాసులో అందరి పిల్లలూ వెనక్కి తిరిగి వెనక బెంచీలో ఉన్న సాయిబు పిల్లాణ్ణి చూస్తారు. మనలో చాలామందిమి ఆ చూపుని భరించి పెద్దయినవాళ్లమే. ఆ పాఠం చెప్పే టీచరు ముస్లిం కావాలని నేననను. ఆ టీచరుతో పాటు ట్రైనింగులో ఒక ముస్లిం, ఒక మాదిగ, ఒక లంబాడా పక్కపక్కన కూచుని ఏడాదో రెండేళ్లో కలిసి అన్నం తిని ఉంటే, ఆ పాఠం అదే విధంగా చెప్పడం కష్టమవుతుంది. శిక్షణ కాలేజీ ద్వారం విశాలంగా ఉండాలనేది అందుకు.

"ఏ భాషలో చదివావు?" అన్న ప్రశ్న 1844లో ఒకరిని బయట నిలబెట్టింది. 1919లో ఇంకొకరిని నిలబెట్టింది. 1948 తర్వాత మళ్లీ మొదటివాళ్లని నిలబెట్టింది. ప్రశ్న అదే, గేటు కాపలా మారుతోంది. బయట నిలబడినవాడు లోపలికి పోగానే కాపలావాడు కావడం మానితేనే దీనికి ముగింపు.

మా ఆపా కూతురు ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో చిన్న క్లాసులకి చెబుతోంది. బి.ఇడి. లేదు కనక జీతం సగం. పిల్లలు మాత్రం ఆమెని టీచరనే పిలుస్తారు. నాలుగు భాషలు కలిసిన ఆ క్లాసులో ఆమె ఒక్కో పిల్లాడికి వాడి భాషలో మొదలుపెట్టి చెబుతుంది. ఆ విద్యని ఏ అర్హతల పేజీ అయినా ఎన్ని శాతమని లెక్కకడుతుందో నాకు తెలియదు.